మంచం పట్టిన పెద్దల ఖర్చు ఎవరిది?

సంపాదకుడు గారికి,

డెబ్భై నిండినవారికి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యం 2024లో వచ్చింది. మంచిదే. అయితే అది ఆసుపత్రిలో చేరినవారికి. పక్షవాతంతో పడిపోయిన ముసలావిడను డిశ్చార్జి చేయించి గాజువాకలో ఇంటికి తెచ్చాక, ఆయా జీతం ఎవరిస్తారు?

మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుం కింద ఎముక దగ్గర, మడమల మీద చర్మం నలిగి పుండ్లు పడతాయి. ముక్కు గొట్టంతో ఆహారం పోసేటప్పుడు తల ఎత్తుగా ఉంచాలి, పోశాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. వెంటనే పడుకోబెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. రోజుకు నాలుగు డైపర్లంటే నెలకు 120. రాత్రీ పగలూ ఒక్కరే చూడలేరు, ఇద్దరు కావాలి. ఆ స్తోమత లేని ఇంట్లో కోడలో కూతురో ఉద్యోగం మానేస్తుంది. ఆమె పోగొట్టుకున్న జీతం ఏ లెక్కలోకీ రాదు.

పిల్లలే చూడాలని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చెబుతోంది. ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వకీలు లేకుండానే వెళ్లొచ్చు. కానీ భరణం పరిమితి నెలకు 10,000, అంటే రోజుకు 333 రూపాయలు. విశాఖలో ఒక షిఫ్టు ఆయాకైనా అది చాలదు. ఆ పరిమితి ఎత్తేయాలన్న 2019 బిల్లు చట్టం కాలేదు. అయినా పిల్లలకే సంపాదన లేకపోతే ట్రిబ్యునల్ ఏం ఇప్పించగలదు?

రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసాలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 ఇస్తున్నారు. దేశంలో ఇలాంటివి అరుదు, మెచ్చుకోవాలి. చిక్కల్లా అది జబ్బు పేరును బట్టి రావడం. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దాయన నడుస్తాడు గనక వృద్ధాప్య పింఛను 4,000 దగ్గరే ఆగిపోతాడు. గ్యాస్ తిప్పి వదిలేసే, అర్ధరాత్రి తలుపు తీసుకుని హైవే మీదికి పోయే మనిషికి కాపలా ఇంకా ఎక్కువ కావాలి కదా.

కాబట్టి జబ్బును కాక, అవసరాన్ని కొలవాలి. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం దిగడం, మలమూత్రాల అదుపు, తిండి: ఈ ఆరింటిలో ఎన్ని సొంతంగా చేసుకోలేకపోతున్నారో వార్డు సచివాలయం ఏఎన్ఎం ఇంటికొచ్చి చూసి రాయాలి, ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలి. ఆయా జీతం ప్రభుత్వం భరించాలి, ఆదాయం ఉన్న కుటుంబం అందులో వాటా కట్టాలి. తిండి, డైపర్లు కుటుంబానివే. పుండు ముదిరినా న్యుమోనియా వచ్చినా ఆ మనిషి మళ్లీ చేరేది ఆసుపత్రిలోనే, అప్పుడు బిల్లు కట్టేదీ ప్రభుత్వమే. ముందు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో ఒక్క జోన్‌లోనైనా ఈ ఏడాది మొదలుపెట్టాలని కోరుతున్నాం.

— గృహ సంరక్షణ పనిలో ఉన్న కొందరు పాఠకులు, విశాఖపట్నం