కేంద్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా రాత్రి గాలినీ లెక్కలోకి తీసుకోండి

గౌరవనీయులైన మంత్రి గారికి, పటాన్‌చెరు వైపు నివసించే ఒక తల్లి నమస్కారాలు.

మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే కెమికల్ వాసన మీద ఎన్ని అర్జీలు పెట్టినా జవాబు ఒక్కటే: గాలి నాణ్యత సూచీ ప్రకారం ఇబ్బంది లేదట. సూచీ తప్పని నేను అనడం లేదండీ. దానికి కనపడని దాని గురించే మా బాధంతా.

ఆ సూచీలో ఉన్నవి ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, అమ్మోనియా వంటి 8 కాలుష్యకాలు. మందుల తయారీలో వాడే టొల్యూన్ లాంటి సాల్వెంట్ల, అంటే కరిగించడానికి వాడే ద్రవాల, ఆవిర్లు అందులో లేవు. ఉన్నవాటిలోనూ చాలావాటికి 24 గంటల సగటు తీస్తారు. మాకు ప్రాణం మీదికి వచ్చేది అర్ధరాత్రి దాటాక, గంటో రెండు గంటలో. కిటికీలు బిగించి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతాం. ఎండాకాలంలో ఆ ఉక్కకు పిల్లలు నిద్రపోరు. మా చిన్నది కళ్లు మంటలని ఏడుస్తుంది, అత్తయ్యకు ఆయాసం. కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేస్తే పొద్దున ఎండెక్కాక మనిషి వస్తాడు. అప్పటికి గాలి మళ్లిపోయి ఉంటుంది. "ఇప్పుడేం వాసన లేదు కదమ్మా" అని రాసుకుని వెళ్తాడు. మా తర్వాతి అర్జీకి ఆ కాగితమే జవాబు.

పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యాన్ని కొలిచే సమగ్ర కాలుష్య సూచిక వేరే ఉంది. 2009లో అందులో పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే అతి కలుషిత ప్రాంతమే. 2016లో ఆ పద్ధతిని సవరించి, ఆరోగ్య నష్టాన్ని పెద్ద ఆస్పత్రుల రికార్డులతో కొలవమన్నారు. రాత్రిపూట దగ్గొస్తే మేం పోయేది వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికండీ. మా పిల్లలు ఏ రికార్డులో దొరుకుతారు?

యూరప్ పర్యావరణ సంస్థ వాడే డీపీఎస్‌ఐఆర్ చట్రంలో కారణం, ఒత్తిడి, స్థితి, ప్రభావం, స్పందన ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మాకిచ్చే రిపోర్టులో ఉండేది స్థితి ఒక్కటే. ఆవిరి ఎక్కడిది, ఎవరికేమైంది, మీరేం చేశారు అన్నవి ఒకే కాగితం మీద ఎప్పుడూ చూడలేదు.

పారిశ్రామిక ప్రాంతాలకు ఆ చట్రంలో రిపోర్టు ఇప్పించండి. సాల్వెంట్ల ఆవిర్లను రాత్రి గంటగంటకూ కొలిపించండి. మా ఫిర్యాదులనూ ఆధారంగా తీసుకోండి. ముందుగా, వాసన వస్తున్న వేళకే ఒక మనిషిని పంపించండి సార్. చేతులెత్తి అడుగుతున్నా.

ఇట్లు,
పటాన్‌చెరు ప్రాంత నివాసి