వెదురు పూసిన ఏడు

ఒరేయ్ సుబ్బూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టకు. ఇక్కడ మిజోరంలో, ఐజ్వాల్లో వానలు ఆగడం లేదు, ఏ ఇంట చూసినా వెదురు కొమ్ముల కూరే. మొన్న మా ఓనరు తాతగారు గుప్పిలి మూసి నా మొహం ముందు పెట్టి, "కాయ ఇంతుంటుంది" అన్నారు. వెదురుకి కాయేంట్రా! మనం అరకులో కొన్న వెదురు బియ్యం (నువ్వు గిన్నె మాడ్చేశావే, అవే) వడ్లగింజంతే కదా. ఇక్కడి మౌతక్ వెదురుకి జామకాయంత కాయ. అదీ 48 ఏళ్లకోసారి. అడవంతా ఒక్కసారే పూసి, కాసి, ఆ కాపుతోనే ఎండి చచ్చిపోతుంది. మిజో భాషలో 'మౌ' అంటే వెదురు, 'తామ్' అంటే చావు. అందుకే దాన్ని మౌతామ్ అంటారు.

ఏటా కొంచెం కొంచెం కాస్తే ఎలకలు ఒక్కటీ మిగల్చవు. ఒక్కసారే కుమ్మరిస్తే ఎంత తిన్నా తరగదు, మిగిలినవి మొలకెత్తుతాయి. శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే కారణం ఇదే. మోసపోయేది ఎలకలే పాపం. పెళ్లి భోజనంలా తిని, పిల్లల మీద పిల్లల్ని పెడతాయి. మూడు వారాల్లో ఈనే జంతువుని ఆపేదెవరు? కాయలు అయిపోగానే ఆ దండంతా వరి మీద పడుతుంది.

1959 మౌతామ్ నాటికి తాతగారికి పదేళ్లు. మన పోడు లాంటిదే వాళ్ల ఝూమ్ పొలం. రాత్రంతా గుడిసెలో డబ్బా కొడుతూ కూర్చున్నారట. తెల్లారేసరికి వెన్నులన్నీ కొరికేసి, ఉత్త గడ్డి నిలబడి ఉందట. వాళ్లమ్మ అడవిలో దుంపలు తవ్వుకొచ్చి పెట్టిందట. తర్వాత తిండి లేక ఎలకలూ పోయాయి. ఎలా పోయాయని అడిగితే, "ఎవరు చూశారు? మా ఆకలి మాది" అన్నారు.

అప్పట్లో ఇది అస్సాంలో ఓ జిల్లా. కరువొస్తుందని ఇక్కడి జిల్లా కౌన్సిల్ 1958లోనే అస్సాం ప్రభుత్వానికి చెప్పి 15 లక్షలు అడిగింది. ఇవ్వలేదు. కరువు సాయానికి లాల్‌డెంగా అనే మిజో నాయకుడి వాళ్లు పెట్టిన సంఘమే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది, 1966లో భారత ప్రభుత్వం మీద తుపాకి పట్టింది. ఒప్పందం కుదిరేసరికి 1986. అంతా వెదురు వల్లే అంటే అతే అనుకో, కానీ ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూడు.

2007లో మళ్లీ పూసినప్పుడు మాత్రం ప్రభుత్వం ముందే మేలుకుంది. ఎలక తోకకి ఇంతని డబ్బులిచ్చింది, ఎలకలు ముట్టని అల్లం, పసుపు వేయమంది. తాతగారు అల్లం వేశారట. "అల్లం మిగిలింది, అన్నం లేదు" అని నవ్వారు. ఇప్పుడు మా కిటికీలోంచి కనిపించే పచ్చటి కొండంతా అప్పటి కాయల నుంచి లేచిందే. మళ్లీ పూత 2055 దగ్గర్లో.

స్టవ్ మీద కొమ్ములు పొంగుతున్నాయి, ఉంటాను. ఆవకాయ పంపుతానన్నావు, ఏదిరా?

నీ
రాంబాబు