ఆ మూడు నిమిషాల వీడియో గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం నుంచి స్కూల్ గేటు దగ్గర, బస్సులో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో గురించే ముచ్చట. లెక్కల ప్రాజెక్టు కింద తొమ్మిదో తరగతి పిల్లలను తలా ఒక స్క్రీన్‌కాస్ట్ చేయమన్నాం. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెర మీద చేసే పనిని రికార్డు చేస్తూ, నోటితో వివరించడమే స్క్రీన్‌కాస్ట్. ఒక అబ్బాయి వాళ్ల నాన్న ఫోన్‌లో జియోజీబ్రా అనే లెక్కల యాప్ తెరిచి, స్లైడర్ జరుపుతుంటే సరళరేఖ వాలు ఎలా మారుతుందో చూపించాడు. సరిగ్గా రేఖ పైకి లేస్తున్నప్పుడు తెర పైనుంచి వాళ్ల నాన్నకు వచ్చిన సొంత మెసేజ్ ఒకటి దిగింది. అందులో ఏముందో ఇక్కడ మళ్లీ రాయను. వీడియోను అక్కడ ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, నవ్వు బొమ్మలు తగిలించి వేరే గ్రూపులకు పంపింది మాత్రం పిల్లలు కాదు, పెద్దవాళ్లే. ఆ తండ్రి అనుమతి తీసుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన నా గదికి వచ్చి కోప్పడలేదు. "మావోణ్ని మళ్లా చెయ్యనియ్యండి మేడం" అన్నారు, అంతే.

ఇందులో మా తప్పూ ఉంది. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాకే రికార్డింగ్ మొదలుపెట్టాలని పిల్లలకు ముందే చెప్పాల్సింది. నెట్ కావాల్సిన పనైతే డు నాట్ డిస్టర్బ్ పెట్టి, ఇంకో ఫోన్ నుంచి మెసేజ్ పంపించుకొని, తెర మీదికి వస్తుందో లేదో చూసుకోవాలి. ఇప్పుడు ఈ మాట ప్రతి క్లాసు బోర్డు మీదా ఉంది.

"ఈ వీడియోల పని ఆపేయండి, చదువు దెబ్బతింటోంది" అని కొందరు ఫోన్ చేశారు. మన్నించాలి, ఆపం.

ఎందుకంటే, తనకు అర్థం కానిదాన్ని ఏ పిల్లా ఇంకొకరికి మూడు నిమిషాల్లో చెప్పలేదు. పరీక్ష పేపర్ మీద బట్టీ కొట్టింది దాటిపోతుంది, గొంతులో దాటదు. "ఇక్కడ ఇది... అంటే... అలా వస్తుంది" అని నసిగిన చోటే ఆ పిల్లకు లెక్క రాలేదని మా టీచరుకు తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ ఉంది కదా, దాని సల్మాన్ ఖాన్ (సినిమా ఆయన కాదు) 2004లో మొదలుపెట్టింది దూరంగా ఉన్న చుట్టాల పిల్లకు లెక్కలు చెప్పడంతోనే. యూట్యూబ్‌కు ఎక్కింది 2006లో. ఆ పాఠాల్లో ఆయన మొహం కనబడదు. నల్లటి తెర, రంగు గీతలు, పక్కన కూర్చొని చెప్తున్నట్టు ఒక గొంతు. మూడు నిమిషాల్లో ఏం వస్తుందని అడిగినవారికి ఇంకోమాట. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూశారని తేలింది. మనం మాత్రం నలభై నిమిషాల పాఠం పెడితేనే ఫీజు గిట్టినట్టు అనుకుంటాం.

పరకాల దిక్కు నుంచి వచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయి సంగతి చెప్పకుండా ఉండలేను. దీన్ని ఆ పిల్లకు ఎవరూ హోంవర్క్‌గా ఇవ్వలేదు. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి కదా, వాళ్ల తాతకు అది కొరుకుడు పడలేదు. ఈ పిల్ల తెరను రికార్డు చేస్తూ తాతతోనే మాట్లాడింది. "తాతా, ఇగో ఈడ నొక్కు. ఒక్కసారే నొక్కు. గుండ్రంగ తిరుగుతుంటే ఆగు, మళ్ల నొక్కకు." నొక్కే ముందు ఎక్కడ నొక్కాలో చెప్పింది, నొక్కాక ఒక్క క్షణం ఆగింది. ఫోన్ రికార్డర్‌లో వేలు తాకిన చోట చుక్క కనబడే ఆప్షన్ ఉంటుంది, దాన్నీ ఆన్ చేసింది. మొదటిసారి తీసినదాంట్లో తాత ఆధార్ నంబరు, ఓటీపీ కనిపించాయని తనే పట్టుకొని, ఆ ముక్క కోసేసింది. చివర్లో "తేమ పన్నెండు శాతం దాటితే కొనరు, ఆరబెట్టుకొని పో" అని కూడా చేర్చింది. ఊళ్లో చాలామంది ఫోన్లలో ఇప్పుడు ఆ వీడియో ఉందట. నేను నాలుగుసార్లు చూశాను. పత్తి చేను లేదు నాకు, అయినా చూశాను.

పదో తరగతి అబ్బాయిలు లైబ్రరీ పుస్తకాల లెక్కకు చిన్న ప్రోగ్రామ్ రాసి, లైబ్రరీ మేడంను ఒప్పించడానికి స్క్రీన్‌కాస్ట్ చేశారు. మొదటి నిమిషమంతా మ్యూజిక్కు, తమ పేర్లు. "ఇంతకూ ఇది ఏం చేస్తదిరా?" అన్నారు మేడం. రెండోసారి తెర తెరవగానే ఒక పుస్తకం పేరు కొట్టారు, అది ఎవరి దగ్గర ఉందో, ఎన్ని రోజులైందో వచ్చేసింది. ముప్పై సెకన్లలో మేడం ఒప్పుకున్నారు. నేర్పే వీడియోలో ప్రతి నొక్కుడూ చూపించాలి. అమ్మే వీడియోలో ముందు ఫలితం చూపించాలి, నొక్కుళ్లు తర్వాత. ఫైళ్లను నెట్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ వాళ్లు కూడా తమ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఇవ్వకముందే, అది పనిచేసే తీరును చిన్న స్క్రీన్‌కాస్ట్‌లో చూపించి జనాన్ని వెయిటింగ్ లిస్టులో నిలబెట్టారు.

ఇక ఇళ్ల సంగతి. మీ అందరి మీదా గౌరవంతోనే చెప్తున్నాను. పిల్లలు రికార్డు చేసే పది నిమిషాలు సీరియల్ సౌండు తగ్గిస్తే కథేమీ ముందుకు పరుగెత్తదు. మొన్న ఒక వీడియోలో త్రిభుజం కన్నా అత్తాకోడళ్ల గొడవే బాగా అర్థమైంది. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా సర్దుకుంటాం కానీ, మాట వినబడకపోతే వీడియో ఉన్నా లేనట్టే. పరుపు, కర్టెన్లు ఉన్న గదిలో కూర్చోబెట్టండి, గొంతు మోగదు. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే చాలు. ఇంకొకటి, గొంతు పిల్లాడిదైనా మౌస్ నాన్నదైతే మాకు తెలిసిపోతుంది. తొమ్మిదో తరగతి చేతిలో బాణం గుర్తు అంత ధీమాగా తిరగదు. నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి చేయించినవి మూడు వచ్చాయి, మూడింటికీ ఒకటే పాట. వాటిని వెనక్కి పంపాం.

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టనివాళ్లు వెంటనే కట్టండి. కాజీపేట రూటు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందే వస్తుంది. స్వెటర్ల మీద పేరు కుట్టించండి, ఆఫీసులో ఇప్పటికే ఏడు పడి ఉన్నాయి.

ఆ అబ్బాయి తన వీడియో మళ్లీ చేసి తెచ్చాడు. ఫ్లైట్ మోడ్ పెట్టాడు, రేఖ నిలువుగా లేచేదాకా ఏ మెసేజూ రాలేదు. కుక్కర్ విజిల్ మాత్రం రెండుసార్లు వినబడింది, తీసేయొద్దని నేనే చెప్పాను. శనివారం మధ్యాహ్నం మూడింటికి కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లల వీడియోలన్నీ వేస్తాం. కుర్చీలు నలభైయే ఉన్నాయి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకొని రండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ