అది యుద్ధ విమానం కాదండీ, జలాంతర్గాముల వేటగాడు

సంపాదకుడు గారికి,

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన టీయూ-142 అనే పాత నౌకాదళ విమానం గురించి ఎప్పుడు వార్త వచ్చినా మీరు "యుద్ధ విమానం" అనే రాస్తున్నారు. మీరొక్కరే కాదు, అందరూ అలాగే రాస్తున్నారు, అందుకే జనం కూడా అదే అంటున్నారు. మొన్న ఆదివారం అక్కడ నా ముందు నిలబడ్డ ఓ ఎనిమిదేళ్ల పిల్లాడు ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెడుతూ నాలుగు దగ్గర ఆగి, వెనక ఇంకో నాలుగు కనబడేసరికి "నాన్నా, దీనికి డబుల్ ఉన్నాయి!" అని అరిచాడు. నాన్న ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఫైటర్ కదరా, స్పీడ్ కోసం" అనేశారు.

పిల్లాడి లెక్కే కరెక్టు. ఒక్కో ఇంజిన్‌కి ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి, ముందుది ఒకవైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది, నాలుగు ఇంజిన్లకీ కలిపి 32 రెక్కలు. జెట్ కాకపోయినా గంటకు 900 కిలోమీటర్ల దాకా వెళ్లగలదు కాబట్టి స్పీడ్ మాటలో నాన్నగారి తప్పు కూడా పెద్దగా లేదు. తప్పల్లా ఫైటర్ అనడంలోనే. పదిమందికి పైగా సిబ్బంది ఎక్కి, గంటల తరబడి సముద్రం మీద తిరుగుతూ, సోనోబాయ్‌లు అనే చిన్న చిన్న గొట్టాలను నీళ్లలోకి జారవిడిచి, అవి విన్న చప్పుడు రేడియోలో పైకి పంపిస్తే ఆ చప్పుడును బట్టి కింద జలాంతర్గామి ఉందా లేదా అని తేల్చడం దీని పని. తోకలో తుపాకులున్నాయి కదా, టార్పెడోలు కూడా మోసేది కదా అంటారేమో. నిజమే. కానీ ఆ తుపాకులు వెనక నుంచి ఎవరైనా వస్తే తనను తాను కాపాడుకోవడానికి, టార్పెడోలేమో నీటి కింద దొరికిన శత్రువు కోసం. గాల్లో ఇంకో విమానంతో కలబడటానికి చేసింది కాదిది.

నా అసలు బాధ ఈ పేరు ఒక్కటే కాదు. విమానం గురించి రాసేవాళ్లు దాన్ని నడిపిన స్క్వాడ్రన్ (విమాన దళం) ఊసే ఎత్తరు. అది నౌకాదళానికి చెందిన ఐఎన్ఏఎస్ (ఇండియన్ నేవల్ ఎయిర్ స్క్వాడ్రన్) 312, ముద్దుపేరు ఆల్‌బట్రాస్, అంటే రెక్క ఆడించకుండా గంటల కొద్దీ సముద్రం మీద తేలిపోయే పక్షి. పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. 1971 యుద్ధం నాటికి తీరం నుంచి లేచి దూరం వెళ్లి సముద్రాన్ని గాలించే విమానాలు మన నౌకాదళం చేతిలో లేవు. ఆ పనికి సూపర్ కాన్‌స్టలేషన్ అనే విమానాలు ఉండేవి, కానీ అవి వైమానిక దళానివి. అంతకుముందు అవే ఎయిర్ ఇండియాలో ప్రయాణికులను మోశాయి! సముద్రం మీద నిఘా ఎవరి పని అని రెండు దళాల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచి, చివరికి 1976లో అవి నౌకాదళం చేతికొచ్చాయి. ఐఎన్ఏఎస్ 312 పుట్టింది వాటితోనే. పాత ప్రయాణికుల విమానాలతో మొదలైన స్క్వాడ్రన్ అన్నమాట.

టీయూ-142లు 1988లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి, మొత్తం 8. మొదట గోవాలో ఉండి 1992లో తమిళనాడులోని అరక్కోణం వెళ్లాయి, ఇంత పెద్ద విమానానికి తగ్గట్టు అక్కడ రన్‌వే 4 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటును అణచిన ఆపరేషన్ నుంచి సముద్ర దొంగల మీద నిఘా దాకా 29 ఏళ్లు పనిచేసి 2017 మార్చి 29న రిటైరయ్యాయి, అన్నేళ్లలో ఒక్క ప్రమాదం కూడా లేకుండా. మన దగ్గరున్న విమానం ఆ తర్వాత కొద్ది రోజులకే అరక్కోణం నుంచి విశాఖకు ఎగిరొచ్చింది. ఇక్కడ విడదీసి, ముక్కలుగా రోడ్డు మీద తెచ్చి మళ్లీ బిగించారు.

రిటైరైంది విమానమే, స్క్వాడ్రన్ కాదు. ఐఎన్ఏఎస్ 312 ఇప్పుడు పీ-8ఐ అనే నిఘా విమానాలు నడుపుతోంది, అవి మనం ఎక్కి తిరిగే బోయింగ్ 737 నుంచి తయారైనవే. చూశారా, మళ్లీ ప్రయాణికుల విమానం దగ్గరికే వచ్చింది కథ.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. ఈ విమానానికి రోడ్డు అవతల ఉన్నది కుర్సురా జలాంతర్గామి. వేటగాడు ఒకవైపు, వేటాడబడే జాతిది ఒకవైపు, రెండూ మనవే, రెండూ సోవియట్ తయారీవే. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగిన తీరంలో ఇంతకంటే మంచి పాఠం పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? ఆదివారం అనుబంధంలో ఒక పేజీ ఇచ్చి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాయించండి. అది కుదరకపోతే కనీసం వచ్చే వార్తలో "నిఘా విమానం" అని వేయండి. యుద్ధ అన్నా నిఘా అన్నా రెండక్షరాలే, హెడింగ్‌లో చోటు సమస్య కూడా రాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం