వేసవి మధ్యాహ్నాల్లో గ్రంథాలయాలు తెరచి ఉంచాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

నేను విజయనగరం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాను. ఈ ఏడాది బీఏ రెండో సంవత్సరం పరీక్షలు రాశాను. పరీక్షలు అయిన మర్నాటి నుంచి కాలేజీ తిరిగి తెరిచేదాకా ఉన్న రోజుల్లో సగం పుస్తకాలు చదవడంలోనూ, సగం అమ్మానాన్నలతో, అమ్మమ్మా తాతయ్యలతో కలిసి మన రెండు జిల్లాల్లోని ఊళ్ళు చూడడంలోనూ గడిచాయి. ఆ అనుభవంతో విజయనగరం, శ్రీకాకుళం జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఒక విన్నపం చేయాలనిపించింది. మీ పత్రిక ద్వారా అయితే అది చేరవలసిన వారికి చేరుతుందన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

కన్యాశుల్కం గురించి చిన్నప్పటి నుంచి వింటున్నానే గాని మొదటి నుంచి చివరిదాకా చదవడం ఇదే మొదటిసారి. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చు వేయించి, అంతటితో ఆగక గురజాడ అప్పారావు గారు 1909 నాటికి దాన్ని ఎంతగానో పెంచి తిరగరాశారని ఈ వేసవిలోనే తెలుసుకున్నాను. నాటకం మొదలయ్యేదే విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. కోట ముందున్న ఆ చోటు నుంచి నేను ఎన్నిసార్లు నడిచి వెళ్ళానో లెక్క లేదు, అయినా అది నాకు దారిలో తగిలే ఖాళీ జాగాగానే ఉండేది. పుస్తకం పూర్తయిన వారంలో నాన్నను వెంటబెట్టుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళాను. గిరీశం అప్పుల బెడద తప్పించుకోవడానికి ఊరు మారాలని ఆలోచించుకున్నది ఇక్కడే కదా అని నాన్నతో అంటే, తాను చదివి ముప్పై ఏళ్ళయిందంటూనే ఆయన నాలుగు మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పారు. నాన్నకు ఆ నాటకం అంత బాగా వచ్చునన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

తరువాత నరసన్నపేట దగ్గర మా తాతయ్య ఊరు వెళ్ళాం. తాతయ్యకు చూపు తగ్గింది. రోజూ సాయంత్రం వాకిట్లో నులకమంచం వేసుకుని కూర్చుంటే, కాళీపట్నం రామారావు గారి కథలు ఆయనకు పైకి చదివి వినిపించేదాన్ని. కారా మాస్టారని అందరూ పిలిచే ఆయనది ఇదే శ్రీకాకుళం జిల్లాలోని మురపాకే గనుక ఆ కథల్లోని మాట, తిండి, తగవు అన్నీ తాతయ్యకు తెలిసినవే. నాకే తెలియనివి చాలా ఉన్నాయి. కంబారి అన్న మాట దగ్గర ఆగి, పనివాడు అనుకోవచ్చా అని అడిగాను. తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “కంబారంటే ఏటనుకున్నావమ్మా, ఏడాదికిన్ని గింజలని మాటిచ్చేస్తే ఆ ఏడాదంతా మన ఒళ్ళు మనది కాదు” అన్నారు. ఆయన తమ్ముడు తొమ్మిదేళ్ళ వయసులో ఒక ఇంట కంబారిగా ఉన్నాడని, పశువుల శాలలోనే పడుకునేవాడని ఆ రాత్రి చెప్పారు. మా అమ్మకు కూడా ఆ సంగతి తెలియదు. 1964లో వచ్చిన యజ్ఞం కథ చదవడం పూర్తయ్యాక తాతయ్య పుస్తకం చేతిలోకి తీసుకుని, అక్షరాలు కనబడకపోయినా అట్ట తడిమి చూసి ఇచ్చారు. మర్నాడు శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కథానిలయం చూడాలని నాకన్నా ముందు ఆయనే అన్నారు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని కారా మాస్టారు 1997 ఫిబ్రవరిలో తెరిచిన ఆ ఇంట్లో, పాత పత్రికల మధ్య మేం గడిపిన పూట నాకు ఈ వేసవి మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన పూట.

శ్రీకూర్మంలో అమ్మమ్మ తాబేళ్ళకు గోంగూర పెట్టింది. అరసవల్లిలో జనం ఎక్కువగా ఉండడంతో దర్శనం చేసుకుని వెంటనే బయలుదేరాం. ఖద్దరు నేతకు పేరున్న పొందూరులో మాత్రం చాలాసేపు ఉన్నాం. ఒక పెద్దావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతూ కనిపించారు. గింజ తీయకముందే ఆ సన్నటి పళ్ళతో దువ్వితే నలుసులు పోయి పోగులన్నీ ఒకే వరసకు వస్తాయట. ఆ దవడ నా చేతిలో పెట్టి దువ్వమన్నారు, నాకు చేతకాలేదు. ఆ పని గురించి తెలుగులో వివరంగా రాసిన పుస్తకం కోసం నేను అడిగిన ఏ గ్రంథాలయంలోనూ లేదు.

తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెప్పే శ్రీముఖలింగం చూసుకుని, అటు నుంచి శాలిహుండం వెళ్ళాం. గిడుగు రామమూర్తి పంతులు గారంటే నాకు ఇన్నాళ్ళూ ఆగస్టు 29న కాలేజీలో దండ వేసే పటమే. ఆయన 1863లో ముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారని, శాసనాల లిపి సొంతంగా నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివారని, శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనేనని మా తెలుగు మేడం ఇచ్చిన పుస్తకంలో చదివి, నాలుగు పేజీలు నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. కొండెక్కేసరికి ఎండ ముదిరింది. చెట్టు కింద అమ్మ పులిహోర పొట్లాలు విప్పుతుంటే, కింద వంశధార కనిపించే చోట కూర్చుని ఆ నాలుగు పేజీలూ మా వాళ్ళకు చదివాను. గుండ్రటి ఇటుక కట్టడాల దగ్గర ఫొటోలు తీసుకుంటున్న ఇద్దరు అబ్బాయిలు కూడా వచ్చి నిలబడి విన్నారు. చదవడం అయ్యాక వారిలో ఒకడు, “ఇది ఏ లైబ్రరీలో దొరుకుతుందక్కా?” అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ ప్రశ్నే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది. నేను చదివిన పుస్తకాల్లో చాలా వరకు మేడం దగ్గర, బంధువుల ఇళ్ళలో అడిగి తెచ్చుకున్నవి. నాకు దగ్గరలోని శాఖా గ్రంథాలయం పొద్దున 8 గంటలకు తెరిచి 11 గంటలకు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది సాయంత్రం 4 గంటలకు. పొద్దున పూట ఇంట్లో నీళ్ళు పట్టడం, వంట, చెల్లెలి పనులు అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. సాయంత్రం వెళితే బల్లలన్నీ పోటీ పరీక్షలకు చదువుకునే అన్నయ్యలు, అక్కయ్యలతో నిండి ఉంటాయి. వారికి అంతకన్నా చోటు లేదు గనుక వారిని తప్పుపట్టను. పైగా చీకటి పడకముందే నేను ఇల్లు చేరాలి. నాలాంటి ఆడపిల్లలకు వేసవిలో నిజంగా మిగిలేవి ఆ 11 నుంచి 4 దాకా ఉన్న అయిదు గంటలే, ఎండకు ఎక్కడికీ కదలలేక ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చునే గంటలూ అవే. కారా మాస్టారి కథల సంపుటి అక్కడ ఉందని జాబితాలో చూసి మూడుసార్లు తిరిగాను. బీరువా తాళం చెవి గ్రంథపాలకుడి దగ్గర ఉంది, ఆయనకు ఇంకో ఊరి బాధ్యత కూడా ఉంది. చివరికి నాన్న కొని ఇచ్చారు. కొనలేని ఇల్లయితే తాతయ్య ఆ కథ వినేవారు కాదు.

గ్రంథాలయాలకు డబ్బు లేదంటారని నాకు తెలుసు. అయితే 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. నాన్న బీరువాలోని ఇంటిపన్ను రసీదులు తీసి చూస్తే ఏటేటా ఆ పద్దు విడిగా రాసి ఉంది. కూలి చేసుకుని పెంకుటింట్లో ఉంటున్నవారు కూడా కడుతున్న పన్ను అది. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఆ సొమ్మును ఎప్పటికప్పుడు గ్రంథాలయ సంస్థకు జమ చేస్తే, వేసవి రెండు నెలలూ ఫ్యాన్లు, మంచినీళ్ళు, మధ్యాహ్నం పూట ఒక మనిషి జీతం అసాధ్యమైన ఖర్చులని నేను అనుకోవడం లేదు. మనుషులు చాలకపోతే మేమున్నాం. డిగ్రీ మొదటి సంవత్సరం తరువాతి వేసవిలో మేమందరం సామాజిక సేవా ప్రాజెక్టు చేయాలి. కిందటేడు నేను ఇళ్ళ సర్వే చేశాను. దానికి బదులు గ్రంథపాలకుడి పర్యవేక్షణలో మధ్యాహ్నాలు గ్రంథాలయం చూసుకునే పని అప్పగిస్తే, పుస్తకాలు సర్దుతాం, జాబితాలు తిరగరాస్తాం, పిల్లలకు కథలు చదివి వినిపిస్తాం. ఇందుకు కళాశాలలూ గ్రంథాలయ సంస్థలూ కలిసి కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

దానితోపాటు ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ తాళం లేని ఒక అర మన ప్రాంతానికి కేటాయించాలని కోరుతున్నాను. గురజాడ, గిడుగు, కథకులు చాసో, కారా పుస్తకాలతో పాటు శాలిహుండం, ముఖలింగం, రామతీర్థం, బొబ్బిలి చరిత్రలు, పొందూరు నేత, బొబ్బిలి వీణ గురించి తెలుగులో వచ్చినవి అందులో ఉండాలి. వాటిని ఇంటికి కూడా ఇవ్వాలి. తాతయ్యలాంటివారు గ్రంథాలయానికి రాలేరు.

సంపాదకులు దయచేసి మీ విలేకరులను ఒక రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు రెండు జిల్లాల్లోని శాఖా గ్రంథాలయాలకు పంపి, ఎన్ని తెరిచి ఉన్నాయో చూసి రాయించగలరు. ముఖలింగం శాసనాల మీద తెలుగులో సులువుగా రాసిన పుస్తకం కోసం నేను ఇంకా వెతుకుతున్నాను. అది ఏ ఊరి గ్రంథాలయంలో ఉన్నా, ఆ మధ్యాహ్నం వేళ తలుపు తెరిచి ఉంటుందంటే బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని,
విజయనగరం జిల్లా