విషయం: ‘మీ పిల్లల వేగానికి తగ్గట్టు’ అని అమ్మిన కోర్సు మా బాబు వేగానికి తగ్గట్టు లేదు, మార్పు లేదా డబ్బు వాపసు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది ఖమ్మం. మా బాబుకి ఎనిమిదేళ్లు. బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. జూన్‌లో మీ మూడో తరగతి హోమ్‌స్కూల్ కోర్సుకి ఏడాది ఫీజు 18,000 రూపాయలు ఒకేసారి కట్టాను. ‘మీ పిల్లల వేగానికి, ఇష్టానికి తగ్గట్టు పాఠాలు మార్చుకోవచ్చు’ అని మీ ప్రకటనలో ఉంది, ఫోన్ చేసిన మీ సేల్స్ అమ్మాయి కూడా అదే చెప్పింది. ఆ ఒక్క మాట నమ్మే కట్టాను. ఐదు నెలలు వాడి చూశాక తెలిసింది, ఇందులో మేం మార్చుకోగలిగింది ఏమీ లేదని.

సోమవారం కొత్త పాఠాలు తెరుచుకుంటాయి. ఆదివారం రాత్రికి పాతవి మూతపడతాయి. పూర్తి కాకపోతే పిల్లవాడి పేరు పక్కన ఎర్ర గీత, కింద ‘మీరు వెనుకబడ్డారు’ అనే మాట. క్విజ్‌లో ఒక్కో ప్రశ్నకి ముప్పై సెకన్లే.

మా వాడు లెక్కల్లో చురుకు, తెలుగు చదవడంలో నెమ్మది. గుణింతాలు వచ్చాయి కానీ వత్తు కనిపిస్తే ఆగిపోతాడు. వాడికి రైళ్లంటే ప్రాణం. అందుకని స్టేషన్‌లో ఉండే పసుపు బోర్డులతోనే వత్తులు మొదలుపెట్టాను. ఖమ్మంలో మవత్తు, ఎర్రుపాలెంలో రవత్తు, కొండపల్లిలో లవత్తు. కాజీపేట నుంచి విజయవాడ దాకా స్టేషన్ల పేర్లు అట్టముక్కల మీద రాసి హాల్లో వరుసగా పేర్చుకున్నాం. ఒక్కో వత్తుకి పదేసి రోజులు పట్టింది. పట్టనిచ్చాను. ఇప్పుడు బజారుకి వెళ్తే షాపుల బోర్డులు తనంతట తానే చదువుతున్నాడు.

మీ కోర్సులో వత్తులన్నిటికీ కలిపి ఒకటే వారం. ఆ ఆదివారం వాడు ‘అమ్మమ్మ’ అనే మాట కింద వేలు పెట్టి, మ దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కుంటున్నాడు. ఇంకో రెండు క్షణాలైతే చదివేవాడే. టైమర్ అయిపోయి స్క్రీన్ మారిపోయింది, ఎర్ర గీత వచ్చింది. ట్యాబ్ బోర్లా పెట్టేసి, “అమ్మా, నేను వెనకబడ్డానా?” అని అడిగాడు. ఆ తర్వాత నాలుగు రోజులు అట్టముక్కలు కూడా ముట్టుకోలేదు.

లెక్కల్లో కష్టం ఇంకో రకం. 14:50కి బయలుదేరిన రైలు 17:25కి చేరితే ఎంతసేపు పట్టిందని అడిగితే, రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలని నోటితోనే చెప్తాడు. అలాంటి వాడికి మీ కోర్సు నాలుగు వారాలు రెండంకెల కూడికలే ఇచ్చింది. ముందుకి వెళ్దామంటే తాళం.

మీ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. ‘రెండో తరగతికి మార్చుకోండి మేడమ్’ అన్నారు. మారిస్తే లెక్కలు కూడా వెనక్కి పోతాయి. పిల్లవాడికి అన్నిట్లో ఒకే వేగం ఉండదండీ, నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే. రేపు మేం పదో తరగతి రాయించాలనుకుంటున్నది ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డులో. అక్కడ ఒకసారి చేరితే ఐదేళ్లలోపు, తొమ్మిది అవకాశాల్లో, ఒక్కో సబ్జెక్టు విడివిడిగా పాసవ్వచ్చు. పదో తరగతికే అంత వెసులుబాటు ఉన్నప్పుడు మూడో తరగతి పిల్లవాడికి ఆదివారం రాత్రి గడువు ఎందుకు?

ఇష్టాల సంగతీ అంతే. చేరేటప్పుడు ఇష్టమైన విషయం అడిగితే ‘రైళ్లు’ అని నింపాను. మొదటి పేజీలో రైలు బొమ్మ వచ్చింది. పాఠాల్లో ఒక్క వాక్యం మారలేదు.

నేను అడుగుతున్నవి పెద్దవి కావు. మా ఖాతాలో వారం తాళం తీసేయండి. తెలుగుకి, లెక్కలకి వేర్వేరు స్థాయిలు పెట్టుకోనివ్వండి. టైమర్, ఎర్ర గీత వద్దనుకుంటే ఆపేసే వీలు ఇవ్వండి. ఇవి మీ వల్ల కాకపోతే మిగిలిన ఏడు నెలలకి లెక్కగట్టి 10,500 రూపాయలు వాపసు చేయండి. ‘ఏడు రోజులు దాటితే రీఫండ్ లేదు’ అన్న జవాబు నేను ఒప్పుకోను. వారం తాళం దెబ్బ ఏమిటో మొదటి ఏడు రోజుల్లో ఎవరికీ తెలియదు.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అని జిల్లా కమిషన్‌కి వెళ్తాను. ఫీజు రసీదు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, మూడు ఫోన్ కాల్స్ తేదీలు జత చేశాను.

ఇట్లు,
ఒక తల్లి,
ఖమ్మం