‘హెచ్చరించినా కదల్లేదు’ అని రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

తుపాను వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ఒక మాట కనిపిస్తుంది: అధికారులు హెచ్చరించినా కొందరు ఇళ్లు వదిలి రాలేదని. అది చదివినప్పుడల్లా నాకు అమెరికా నల్లజాతి నవలా రచయిత్రి జెస్మిన్ వార్డ్ గుర్తొస్తారు.

ఆమెది మిసిసిపీ రాష్ట్ర సముద్రతీరాన డిలీల్ అనే చిన్న ఊరు. 2005 ఆగస్టులో కత్రినా తుపాను విరుచుకుపడినప్పుడు ఇంటివాళ్లతో అక్కడే ఉన్నారు. అమ్మమ్మ ఇంట్లోకి నీళ్లు వచ్చేస్తుంటే అందరూ బయటపడి, ట్రాక్టర్లు నిలిపిన ఒక పొలంలో చిక్కుకుపోయారు. ఆ పొలం తెల్లవాళ్లది. ఇంట్లో చోటు లేదు, పొలంలోనే ఉండమన్నారట. అంత గాలివానలో! చివరికి వేరే తెల్లవాళ్ల కుటుంబం ఆశ్రయమిచ్చింది.

ఆ తర్వాత చాన్నాళ్లు ఆమె ఏమీ రాయలేకపోయారు. 2011లో ‘సాల్వేజ్ ద బోన్స్’ నవల వచ్చింది, అమెరికాలో పేరున్న నేషనల్ బుక్ అవార్డు తెచ్చుకుంది. తల్లి లేని నలుగురు పిల్లలు, తాగుబోతు తండ్రి, తుపాను చుట్టూ పన్నెండు రోజులు. ఆ తండ్రి పాత గాజు జాడీల్లో నీళ్లు పట్టిస్తాడు, కిటికీలకు కొట్టడానికి చెక్కలు వెతుకుతాడు. హెచ్చరిక అందరికంటే ముందు విన్నది అతనే. ఉన్నదాంతో అంతకంటే ఏం చేయగలడు? పెద్ద కొడుకుల్లో ఒకడైన స్కీటాకు తన కుక్కే ప్రాణం. వరదలో చెల్లెల్ని పట్టుకోవడానికి దాన్ని వదిలేయాల్సివస్తుంది. అక్కడ పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఊరొదలనివాళ్లను తప్పుపట్టినవాళ్ల మీద కోపం కూడా తనతో ఈ నవల రాయించిందని వార్డ్ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. 2017లో మరో నవలకు అదే అవార్డు మళ్లీ వచ్చింది. నవలకు ఆ అవార్డు రెండుసార్లు అందుకున్న తొలి మహిళ ఆమె.

మాది దివిసీమ. 1977 ఉప్పెన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. తుపాను కబురు రాగానే మా అత్తగారు ముందు పాడిగేదె పలుపు పట్టుకునేవారు. పునరావాస కేంద్రంలోకి గేదెను రానివ్వరు. అది పోతే మర్నాటి నుంచి ఇల్లు గడవదు. ఒకసారి ఆవిడ రాలేదని అధికారులు రాసుకుని వెళ్లిపోయారే గానీ, చేతిలో ఉన్న పలుపు సంగతి ఎవరూ అడగలేదు.

మీ సాహిత్య పేజీలో వార్డ్ గురించి ఒక వ్యాసం వేయండి. అనుమతి తీసుకుని ఒక అధ్యాయమైనా తెలుగు చేయించగలిగితే మరీ మంచిది. వచ్చే తుపానుకు మీ విలేకరులను పునరావాస కేంద్రాలకు పంపినట్టే, రానివాళ్ల గుమ్మాల దగ్గరికీ పంపండి. ఎందుకు రాలేకపోయారో వాళ్ల నోటితోనే చెప్పించండి.

— ఒక పాఠకురాలు, అవనిగడ్డ